అల్లుడి కెమెరా

మా అల్లుడు మా సైకిల్ క్లబ్బులో చేరాడని తెలిసిన రోజే నాకు అనుమానం మొదలైంది. మెట్లెక్కితే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునే మనిషి. బడిలో లెక్కల మాస్టారు. సుద్దముక్క కింద పడితే వంగడానికి బద్ధకించి కొత్తది తీసుకునే రకం. అలాంటివాడు ఆదివారం తెల్లారకముందే లేచి ఊళ్ళు దాటి తొక్కొస్తానంటే, ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నట్టు?

"మీకు ఎవరి మీద అనుమానం లేదో ఆ పేరొక్కటి చెప్పండి, విని సంతోషిస్తాను," అంది మా ఆవిడ.

ఆవిడకేం, అంటుంది. నేను రిటైరయ్యేదాకా బీమా కంపెనీలో యాక్సిడెంట్ క్లెయిములు చూసినవాణ్ణి. సొట్టపడ్డ బంపరు ఫోటో ఒకటి చేతికిస్తే, బండి నిజంగా గుద్దుకుందో, ఇంట్లో సుత్తితో కొట్టుకున్నారో చెప్పేవాణ్ణి. క్లబ్బులో నా వెనకాల నన్ను భూతద్దం అంటారు. అనుకోనీ. మోకాళ్ళు అరిగిపోయి నేను తొక్కడం మానేశాక, ఎవరు నిజంగా తొక్కారో తేల్చే పని నాకే అప్పజెప్పారంటే ఊరికే అప్పజెప్పలేదు.

మా పద్ధతి ఇది. ఎవరికి వారు ఇంటి నుంచి ఒంటరిగా బయలుదేరతారు, దారిలో చెక్ పాయింట్లుంటాయి. అక్కడి బోర్డుకి సైకిలు ఆనించి, నంబరు ప్లేటు కనపడేలా ఫోటో తియ్యాలి. ఫోన్‌తో కుదరదు. ఫోన్‌లో ఫోటో ఎవడైనా ఎవడికైనా పంపిస్తాడు. చిన్న కెమెరా కొనుక్కోవాల్సిందే. ముందురోజు దాన్ని నా దగ్గరికి తేవాలి, తేదీ, టైము నా చేత్తో సరిచేస్తాను. రైడ్ అయ్యాక కార్డు తిన్నగా నా అరచేతిలో పెట్టాలి. మనిషి ఫోటోలో ఉండక్కర్లేదు. మొదట్లో ఉండాలన్నాం గానీ, ఒక్కొక్కడు పళ్ళికిలించి పోజులు పెడుతుంటే చూడలేక నేనే తీసేయించాను. ఏడాదిలో నాలుగు రైడ్లూ ఇలా దాటినవాళ్ళకే పెద్ద రైడ్‌కి అర్హత.

కాబట్టి అల్లుడికీ కెమెరా కావాలి. "మామయ్యగారూ, మీరైతే మంచిది చూసిపెడతారు, షాపుకి రండి," అన్నాడు. వెళ్ళాను.

షాపాయన పెద్ద పెద్దవి తీసి గాజుబల్ల మీద పరిచాడు. నేనొక్కొక్కటే పక్కన పెట్టించాను. "జూమ్ ఎక్కువున్నది వద్దు. లెన్సు ఇంత పొడుచుకొస్తుంది, గతుకుల్లో వణికి పాడైపోతుంది. తెర ముట్టుకుంటే ఫోటో తీసేదీ వద్దు. చెమట వేలికి అది పలకదు, గ్లవుజుకి అసలే పలకదు. నొక్కితే టక్కుమనే బొత్తం కావాలి. ఆపగానే లెన్సు మూత దానంతటదే పడాలి, లేకపోతే దుమ్మంతా లోపలికే. ఒక్క చేత్తో తీసి, ఆన్ చేసి, నొక్కి, మళ్ళీ లోపల పెట్టుకునేట్టుండాలి."

అన్నీ విని అల్లుడు ఏది పట్టుకున్నాడంటే, ఉన్నవాటిల్లో అన్నిటికంటే బుల్లిది. మా అల్లుడి చేతులు చేటలు. ఆ చేతిలో ఆ కెమెరా కనపడనే లేదు. బొత్తం మీద బొటనవేలు పెడితే మూడు బొత్తాలు ఒకేసారి నొక్కుకుంటున్నాయి.

"ఇది నీకు సరిపడదయ్యా," అన్నాను.

"అలవాటైపోతుంది లెండి," అన్నాడు నా వైపు చూడకుండా.

తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్న చర్చ. చొక్కా వెనక జేబులో పెట్టొద్దన్నాను. చెమటకి లెన్సు లోపల ఆవిరి పడుతుంది, పైగా వెల్లకిలా పడితే ఆ ఇనప ముక్క తిన్నగా వెన్నులో దిగుతుంది. అలాంటి ఎక్స్-రేలు నేను చూశాను. హ్యాండిల్ సంచిలో పెడితే దారంతా లొడలొడ. మెడలో వేసుకుంటే పెండ్యులంలా కడుపు మీద కొట్టుకుంటుంది. ఛాతీకి పక్కగా, భుజం పట్టీకి బిగించే చిన్న సంచీ ఒక్కటే దారి. మణికట్టుకి ఒక తాడు, చెయ్యి జారినా కింద పడకుండా. షాపాయన సంచీ తెచ్చి మా అల్లుడి ఛాతీకి కొలుస్తుంటే, వీడు పట్టీని చివరి కన్నందాకా లాగేసి, "ఈ మిగిలింది కత్తిరించెయ్యండి," అన్నాడు.

"మీకు పట్టదండీ, ఊపిరాడదు," అన్నాడు షాపాయన.

"ఫర్వాలేదు, కత్తిరించండి."

క్లెయిము పాసు చేయించుకోడానికి వచ్చినవాడు ఎక్కువ మాట్లాడితే మనం మాట్లాడకూడదు, ఊ కొట్టాలి. ఊ కొట్టి ఇంటికొచ్చాను. వచ్చి మా ఆవిడతో అన్నాను, "వీడు తొక్కడు. ఎవడో పొట్టివాణ్ణి పెట్టి తొక్కిస్తాడు, చూస్తూ ఉండు."

"అయ్యో రామా! సైకిలు తొక్కడానికి కూడా ఎవరైనా మనిషిని పెట్టుకుంటారా?"

"పరీక్షలకే పెట్టుకుంటున్నారు."

నా బాధేమిటో ఆవిడకి అర్థం కాదు. మెడలో పతకం ఎవడికి కావాలి? నా ఒక్కగానొక్క కూతుర్ని ఆ చేతుల్లో పెట్టాను. సైకిలు దగ్గరే ఇంత అబద్ధమాడేవాడు ఇంట్లో ఏం నిజం చెప్తాడు? మంచివాడని నేనే వెతికి, నేనే విచారించి, నేనే చేసిన పెళ్ళి. ఆ విచారణలో నా కన్నుగప్పి ఏదైనా దాటిపోయిందా అన్నదే నా ప్రాణం తోడేసింది.

మొదటి రైడ్ కార్డు చేతికొచ్చింది. కంప్యూటర్లో పెట్టి ఫోటోలు పెద్దవి చేసి చూశాను. బోర్డులన్నీ ఉన్నాయి. టైములన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ సైకిలు సీటు కిందికి దిగి ఉంది. మా అల్లుడు గడకర్ర. ఆ సీటు మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఇంకో ఫోటోలో నేల మీద తీసినవాడి నీడ పడింది. సాయంత్రపు నీడ, సాగి ఉండాలి. పక్కనున్న స్తంభం నీడ సాగింది, వీడి నీడ మాత్రం పెద్దగా సాగలేదు. పొట్టి మనిషి, హెల్మెటు పెట్టుకున్న చిన్న తలకాయ.

దొరికావురా నాయనా అనుకున్నాను. కానీ నీడని పట్టుకుని గొడవ పెట్టుకుంటే నవ్వుతారు. రెండోది చూద్దామనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

మధ్యలో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. అల్లుడు లేడు. అమ్మాయి వంటింట్లో కూరలు తరుగుతోంది. అది రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తుంది. ఆదివారం సెలవు.

"మీ ఆయన ఆదివారాలు ఎక్కడికెళ్తున్నాడే?"

"సైకిలు తొక్కడానికి. నీకు తెలీదా నాన్నా?"

"నువ్వేం చేస్తావు పొద్దంతా?"

"పడుకుంటాను."

"ఆ చేతులేంటి, మోచేతి నుంచి అలా కమిలిపోయాయి? వేళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి."

"పనిలో గ్లవుజులేసుకుంటాం కదా," అంది కత్తి ఆపకుండా. నిజమేలే అనుకుని, ఎండలో బస్సు కోసం నిలబడొద్దని, ఏదైనా క్రీము రాసుకోమని చెప్పి వచ్చాను.

సైకిలు గురించి దానితో అంతకంటే మాట్లాడను. ఒకప్పుడు అది తొక్కేది. నాకంటే బాగా తొక్కేది. పెళ్ళికి ముందు ఏడాది, రోడ్డు పక్కన ఆగున్న కారు తలుపు ఎవడో వెనక్కి చూడకుండా తెరిచాడు. పిల్ల ఎగిరి రోడ్డు మధ్యలో పడింది. వెనకాల వస్తున్న లారీ ఆగింది. ఆగింది కాబట్టి నాకు కూతురుంది. భుజం ఎముక విరిగి ఆస్పత్రిలో పడుకున్న పిల్ల చెయ్యి నా నెత్తి మీద పెట్టుకుని, ఇక సైకిలెక్కనని ఒట్టు వేయించుకున్నాను. లారీ ఆగని ఫోటోలు నేను ఉద్యోగంలో ఎన్ని చూశానో నాకు తెలుసు. తర్వాత ఆ సైకిలు ఎవరికో ఇచ్చేశాను. అమ్మాయి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నాలుగో రైడ్ వచ్చింది. ఇది దాటితే అల్లుడికి పెద్ద రైడ్‌కి అర్హత వచ్చేస్తుంది. ఇంక ఉగ్గబట్టుకోలేకపోయాను. పొద్దున్నే మా క్లబ్బు సెక్రటరీకి చెప్పాను. ఆయన పళ్ళ డాక్టరు. "ఇవాళ ఒక దొంగని పట్టిస్తాను, సాయంత్రం మీరు గదిలోనే ఉండండి," అన్నాను. ఎవరని అడిగితే చెప్పలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. పక్కవాడి పన్ను పుచ్చిందంటే ఆయనకి పండగే.

బస్సెక్కి ఆఖరి చెక్ పాయింటుకి వెళ్ళాను. ఊరి బయట నీళ్ళ పంపుహౌసు. గేటు ముందు నీలం బోర్డు, పక్కన ఒక రేకుల షెడ్డు, ఎదురుగా హైవే. ఎవరూ లేరు. షెడ్డు వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆ చాటున మా అల్లుడి కారు! లోపల మా అల్లుడు, ఒళ్ళో మంచినీళ్ళ సీసా, పక్క సీట్లో సైకిలు ట్యూబులు, గాలి పంపు, మందుల పెట్టె. ఇస్త్రీ నలగని చొక్కా.

నా ఒళ్ళు మండిపోయింది. తలుపు లాగి తెరిచాను. "ఏరా! దొంగ వెధవా!" అనేశాను. అల్లుణ్ణి ఏరా అన్నది జన్మలో అదే మొదలు.

వాడు నన్ను చూసి తెల్లబోయాడు. మరుక్షణం నా చెయ్యి పట్టుకుని కారులోకి లాగాడు. "మామయ్యగారూ, తల దించండి! దండం పెడతాను, తల దించండి. చూస్తుంది!"

"ఎవరు చూసేది?"

"వచ్చేస్తోంది. మాట్లాడకండి."

ఇద్దరం డాష్‌బోర్డు కింద నక్కాం. నా మోకాలు కలుక్కుమంది. షెడ్డు రేకుల సందులోంచి బోర్డు కనపడుతోంది. హైవే మీద ఒక సైకిలు వస్తోంది. పొట్టి మనిషి, హెల్మెటు, మొహానికి గుడ్డ. అదిగో నా కిరాయి మనిషి అనుకున్నాను. ఆ మనిషి ఆగే ముందు చెయ్యి చాపి కిందికి రెండుసార్లు ఊపింది. వెనకాల కిలోమీటరు మేర ఒక్క పిట్ట కూడా లేదు. అయినా ఊపింది. ఎవరూ లేకపోయినా చెయ్యి చూపించకుండా ఆగకూడదని నేను నేర్పింది ఈ లోకంలో ఒక్కరికే.

మా అమ్మాయికి.

అమ్మాయి సైకిలు దిగి బోర్డుకి ఆనించింది. భుజం పట్టీ సంచిలోంచి కెమెరా ఒక్క చేత్తో లాగింది. ఆ చేతికి అది ఎంత అమరిందో! టక్కుమని నొక్కి, చూసుకుని, మళ్ళీ లోపల పెట్టేసింది. గుడ్డ దించి నీళ్ళు తాగింది. విరిగిన భుజాన్ని ఒకసారి గుండ్రంగా తిప్పుకుంది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పెళ్ళిలో కూడా ఆ మొహం అంత వెలుగుతూ నేను చూడలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక లారీ హోరుమంటూ వచ్చి దాన్ని దాటింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

తెరిచి చూస్తే పక్కన మా అల్లుడు కూడా మూసుకునే ఉన్నాడు.

"వెళ్ళిపోయిందా మామయ్యగారూ?"

"వెళ్ళింది. దూరంగా కనపడుతోంది."

వాడు కళ్ళు తెరిచి మొహం తుడుచుకున్నాడు. "నేను వెనకాల వస్తున్నట్టు తనకి తెలీదు. తెలిస్తే చంపేస్తుంది. ఇంటి దగ్గర ఉండలేను, తనకి ఎదురుపడనూ లేను. ఇలా షెడ్ల చాటున కూర్చుంటాను. ఊళ్ళోకి రాగానే ముందే వెళ్ళి మలుపు దగ్గర నిలబడతాను. సైకిలు తీసుకుని క్లబ్బు దాకా ఆ చివరి వీధి నేను తొక్కుకొస్తాను. మోకాళ్ళు పోతున్నాయనుకోండి."

"నాకు చెప్పాలని తోచలేదా నీకు?"

"మీమీద ఒట్టేసిందట కదా. మీకు చెప్తే తొక్కదు. తొక్కకపోతే..." వాడు నీళ్ళు నమిలాడు. "పెళ్ళైన కొత్తలో తను నవ్వడం నాకు తెలీదు మామయ్యగారూ. ఆ మనిషి స్వభావమే అంతేమో అనుకున్నాను."

"మీ అత్తయ్యకి తెలుసా?"

వాడు జేబురుమాలు తీసి స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు. అంటే తెలుసన్నమాట. భూతద్దం పట్టుకుని ఊరంతా వెతికాను, నా ఇంట్లోనే ముగ్గురు దొంగలు.

క్లబ్బు గది టైర్ల షాపు మీద ఉంటుంది. సాయంత్రం నేను బల్ల దగ్గర కూర్చున్నాను. పళ్ళ డాక్టరు కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. తొక్కొచ్చినవాళ్ళు గోడలకి ఆనుకుని కాళ్ళు పిసుక్కుంటున్నారు. అల్లుడు మెట్లెక్కి వచ్చి కార్డు నా అరచేతిలో పెట్టాడు. వాడు నా కళ్ళలోకి చూశాడు. నేను కార్డు చూస్తూ కూర్చున్నాను.

పాసు చెయ్యలేను. ఆ పేరు అబద్ధం. కాదనాలంటే ఎందుకో చెప్పాలి. చెప్తే నా కూతురు నలుగురిలో అబద్ధాలకోరు అవుతుంది. ఇంతమంది గుట్టు విప్పినవాణ్ణి, ఈ ఒక్క కార్డు దగ్గర ఇరుక్కుపోయాను.

డాక్టరుకి నా అవస్థ అర్థం కాలేదు గానీ దొంగ ఎవరో అర్థమైపోయింది. "మాస్టారూ," అన్నాడు పెద్దగా, "అంత దూరం తొక్కొచ్చారు, చొక్కా తడవలేదే?"

అల్లుడు తల దించుకున్నాడు.

"కింద పెట్టిన సైకిలు సీటు మీ పొడుగుకి ఆ ఎత్తులో ఉంటుందా? ఎవణ్ణి పెట్టారండీ? పిల్లలకి పాఠాలు చెప్తారు. సిగ్గనిపించడం లేదూ?"

వాడు ఆ చేటల్లాంటి చేతులు రెండూ కట్టుకుని, అన్నీ పడుతూ నిలబడ్డాడు. ఎవరో మూలన కిసుక్కుమన్నారు. లేచి ఏదో అనబోయాను.

"ఆయన్నేం అనకండి."

గుమ్మంలో అమ్మాయి. నాలుగోది పాసైందో లేదో వినడానికి వచ్చినట్టుంది. బట్టలు మార్చుకుంది గానీ నుదుటి మీద హెల్మెటు గుర్తు అలాగే ఉంది. "తొక్కింది నేను. ఇవాళే కాదు, నాలుగూ నేనే. ఆయన పేరు వాడుకున్నది నేను."

డాక్టరు కుర్చీ గుమ్మం వైపు తిప్పాడు. "ఋజువేంటమ్మా? ఫోటోల్లో మనిషి ఉండడు. భార్యాభర్తలు కదా, కాపాడుకోడానికి ఏమైనా అంటారు."

"ఋజువు నేను," అన్నాను. "పంపుహౌసు దగ్గర నా కళ్ళతో చూశాను."

అమ్మాయి నా వైపు తిరిగింది. దాని మొహంలో రక్తం లేదు. "చూశావా?"

"చూశాను."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇవాళే. అంత మొద్దుని నేను." డాక్టరు వైపు తిరిగాను. "నాలుగు రైడ్లూ రద్దు. పేరు ఒకరిది, తొక్కింది ఒకరు. అల్లుడు మోసం చేసి పతకం కొట్టెయ్యాలని చూడలేదు, ఆ మాట అన్నవాళ్ళు వెనక్కి తీసుకోండి." డాక్టరు గొణుక్కుంటూ తీసుకున్నాడు.

ఏడాది కష్టం. రద్దన్న మాటకి అమ్మాయి వెనక్కి తిరిగి మెట్లు దిగింది. నేనూ మోకాలు పట్టుకుని దిగాను. సగంలో, టైర్ల వాసన కొట్టే ఆ ఇరుకు మెట్ల మీద కూర్చుండిపోయి ఉంది. పక్కన కూర్చున్నాను.

"తిట్టు నాన్నా. ఒట్టు తప్పాను."

"నాకు భయమే, తల్లీ," అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట నా నోటివెంట రాలేదు. వద్దు అన్నాను, తప్పు అన్నాను, ఒట్టు అన్నాను. "ఇవాళ ఆ లారీ నిన్ను దాటినప్పుడు నా ప్రాణం పోయింది."

"నాకూ పోతుంది," అంది. "ప్రతి లారీకీ. రోడ్డెక్కిన ప్రతిసారీ కాళ్ళు వణుకుతాయి. పోనుపోను తగ్గుతుంది."

"మరి నాకు చెప్పొచ్చు కదే?"

"ఎలా చెప్తాను?" అంది. "ఇంటికొచ్చాక మొదట నీకే ఫోన్ చెయ్యాలనిపించేది. ఫలానా చోట గాలి ఎదురొచ్చింది నాన్నా, ఫలానా దిగుడులో బ్రేకు అరిచింది నాన్నా అని. మా ఆయనకి చెప్తే పాపం తల ఊపుతాడు, ఏమీ తెలీదు. తెలిసినవాడివి నువ్వొక్కడివే. నీకే చెప్పుకోడానికి లేదు. ఏడాది మొత్తం ఒక్క ముక్క చెప్పుకోలేదు నాన్నా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. పై నుంచి అల్లుడు రెండు మెట్లు దిగి, మమ్మల్ని చూసి, మళ్ళీ చప్పుడు కాకుండా పైకి ఎక్కేశాడు.

"చెప్పు," అన్నాను. "ఇప్పుడు చెప్పు. మొదటి రైడ్ నుంచీ."

"ఇక్కడా?"

"ఇక్కడే."

అది ముక్కు తుడుచుకుంది. "మొదటి రైడ్‌లో ఊరు దాటకుండానే ఒక కుక్క వెంటపడింది నాన్నా," అని మొదలుపెట్టింది.